ఇంటి పచ్చళ్లకి ఇన్‌స్టా, వాట్సాప్‌లలో ఆర్డర్లు తెచ్చుకోవడం ఎలా?

“అక్కా, ఇన్‌స్టాలో పేజీ తెరిచి నాలుగు నెలలైంది. మూడు వేల మంది ఫాలో అవుతున్నారు. ఆర్డర్లు మాత్రం మా పిన్నివీ, పక్కింటివాళ్లవీ తప్ప ఒక్కటీ లేదు. ఏం చేయమంటారు?”

వారానికి రెండు మూడు సార్లయినా నాకు వచ్చే ప్రశ్న ఇది. ఒకరు పచ్చళ్లు, ఒకరు మగ్గం వర్కు బ్లౌజులు, ఒకరు కేకులు. అడిగేది మాత్రం అందరిదీ ఒకటే. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజీలు పెట్టే ఓపిక అయిపోయింది. అందుకే ఈసారి మొత్తం రాసేస్తున్నాను.

మాది ఏలూరు. ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. మొదటి ఏడాది నేనూ పొద్దున్న లేవగానే లైకులు చూసుకున్నదాన్నే. ఒక రీలు లక్ష వ్యూస్ దాటింది. ఆ వారం వచ్చిన ఆర్డర్లు రెండు. ఎందుకో తర్వాత ఆ రీలు మళ్లీ చూసుకుంటే తెలిసింది. అందులో ధర లేదు, మా ఊరు పేరు లేదు, ఎలా కొనాలో లేదు. చూసినవాళ్లు లొట్టలేసుకుని ముందుకి వెళ్లిపోయారు. పోస్టు చేయాల్సిన పని మనిషిని మీ వాట్సాప్ దాకా తీసుకురావడం, అంతే. అమ్మకం జరిగేది ఆ చాట్‌లోనే. కాబట్టి ఈ వరసలో ఇన్‌స్టా కంటే వాట్సాప్ ముందొస్తుంది.

ఉదాహరణలన్నీ పచ్చళ్లవే, నాకు తెలిసింది అదే. మీది వేరే వ్యాపారమైతే ఎక్కడ మారాలో అక్కడక్కడా చెబుతాను.

కావలసినవి

- కెమెరా బాగా పనిచేసే ఫోను. దీనికోసం కొత్తది కొననక్కర్లేదు.
- వ్యాపారానికి వేరే సిమ్ము. ఇంటి నంబరుతో మొదలుపెడితే “ఉసిరికాయ ఉందా” అని అడిగినవాళ్ల మెసేజీ అత్తగారి గుడ్‌మార్నింగ్‌ల కింద పడి కనిపించకుండా పోతుంది.
- వాట్సాప్ బిజినెస్ యాప్. ఉచితమే. మామూలు వాట్సాప్ ఉన్న ఫోన్లోనే, వేరే నంబరు మీద దీన్ని కూడా పెట్టుకోవచ్చు.
- యూపీఐ ఉన్న బ్యాంకు ఖాతా. ఇంటి ఖర్చుల ఖాతా కాకుండా వేరేదైతే నెలాఖరున లెక్క తేలుతుంది.
- తినే వస్తువులు అమ్మేవాళ్లకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్. ఇంటి వంటింట్లో చేసినా ఇది కావాలి. ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, చిన్న వ్యాపారానికి రుసుము స్వల్పమే. వచ్చిన 14 అంకెల నంబరు సీసా లేబులు మీదా, ప్రొఫైల్లోనూ పెట్టండి. కొత్తవాళ్లు ముందు చూసేది అదే.
- ఎలక్ట్రానిక్ కాటా, ఒక నోటుబుక్కు.

లోగో, వెబ్‌సైటు, రింగ్ లైటు ఇప్పుడే వద్దు. లోగో కోసం మూడు వారాలు ఆగి మామిడికాయ సీజను పోగొట్టుకున్న మనిషి ఒకావిడ నాకు తెలుసు. నేనే.

1. అమ్మేవి తగ్గించుకోండి, చోటు ఎంచుకోండి

మొదటి పోస్టులోనే ముప్ఫై రెండు రకాల పట్టిక పెట్టేస్తారు. చూసినవాళ్లు “అన్నీ బాగున్నాయి” అని వెళ్లిపోతారు. మొదటి మూడు నెలలు ఐదు రకాలు చాలు. నేనైతే ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, కందిపొడి, కరివేపాకు కారం అంటాను. ఈ ఐదూ నిలవుండేవే, కొరియర్లో తట్టుకునేవే. మిగతావి అడిగినవాళ్లకి చాట్‌లో చెప్పుకోవచ్చు.

చోటు మాట. హైదరాబాద్‌, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఇన్‌స్టాలో ఉంటారు. వాళ్ల అమ్మలు, మేనత్తలు, అమెరికాలో స్థిరపడ్డ పెద్దవాళ్లు ఫేస్‌బుక్‌లో ఎక్కువ కనిపిస్తారు. రెండింటికీ ఒకే వీడియో పనికొస్తుంది. ఫేస్‌బుక్‌లో మీ పేజీ కంటే ఊరి గ్రూపులు, అపార్ట్‌మెంటు గ్రూపులు మేలు. కానీ అడ్మిన్‌ని అడక్కుండా అమ్మకం పోస్టు వేయకండి. కొన్ని గ్రూపుల్లో అమ్మకాలకి వారంలో ఒక రోజు కేటాయిస్తారు, ఆ రోజు తెలుసుకోండి. యూట్యూబ్‌కి ఏడాది ఓపిక కావాలి, అది తర్వాత.

టైలరింగ్, బ్యూటీ పార్లరు, టిఫిన్ సెంటరు లాంటివి నడిపేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. మీ దగ్గరికి మనుషులు నడిచి రావాలి. మీకు ఇన్‌స్టా కంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైలు అవసరం. అదీ ఉచితమే. షాపు బోర్డు ఫోటో, సరైన సమయాలు, ఫోను నంబరు పెట్టి, సంతోషంగా వెళ్తున్న కస్టమరుని అక్కడికక్కడే ఒక రివ్యూ రాయమని అడగండి.

2. వాట్సాప్ బిజినెస్‌ని సిద్ధం చేయండి

ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని.

ప్రొఫైల్లో వ్యాపారం పేరు, ఊరు, ఏ వేళల్లో జవాబిస్తారో రాయండి. కేటలాగ్‌లో ఆ ఐదు రకాలూ ఎక్కించండి. ఒక్కోదానికి ఒక ఫోటో, బరువు, ధర, ఎన్నాళ్లు నిలవుంటుంది, వెల్లుల్లి ఉందా లేదా. ఈ చివరిది మర్చిపోకండి. వెల్లుల్లి తినని ఇళ్లు చాలా ఉంటాయి, వాళ్లు మొదట అడిగేది అదే.

గ్రీటింగ్ మెసేజీ పెట్టండి, కొత్తగా రాసినవాళ్లకి దానంతటదే వెళ్తుంది. “వెల్కమ్ టు అవర్ స్టోర్” అని వదిలేయకండి. “నమస్తే అండీ. వంటింట్లో ఉంటే జవాబు కాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా కేటలాగ్ చూడండి, ధరలన్నీ అందులో ఉన్నాయి” అంటే మీరు మాట్లాడినట్టు ఉంటుంది. కొరియర్ ఛార్జీలు, యూపీఐ వివరాలు, పంపే రోజులు లాంటివి పదే పదే టైపు చేసేవి. వాటిని క్విక్ రిప్లైలుగా దాచుకోండి.

చాట్‌లకి లేబుళ్లు పెట్టండి. పేమెంటు రావాల్సినవాళ్లు, పంపాల్సినవాళ్లు, అందినవాళ్లు అని రంగులు పెట్టుకుంటే “ఈ పార్సిలు ఎవరిదండీ?” అని మనమే తడుముకునే అవస్థ తప్పుతుంది.

చివరగా బిజినెస్ టూల్స్‌లో షార్ట్ లింక్ ఉంటుంది, క్యూఆర్ కోడ్ కూడా అక్కడే దొరుకుతుంది. లింకు ఇన్‌స్టా ప్రొఫైల్లోకి, క్యూఆర్ సీసా లేబులు మీదకి.

హెచ్చరిక: సెట్టింగ్స్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్‌కి 6 అంకెల పిన్ పెట్టండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. ఆ నంబరు పోతే ఖాతాతో పాటు కస్టమర్లందరూ పోయినట్టే.

సరిచూసుకోండి: మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్ల ఫోను ఒకటి తీసుకుని లింకు నొక్కండి. నేరుగా చాట్ తెరుచుకుందా? గ్రీటింగ్ వచ్చిందా? కేటలాగ్‌లో ధరలు కనిపించాయా? నా లింకులో ఒక అంకె తప్పుండి పది రోజులు ఎవరికీ తెరుచుకోలేదు. నేనేమో “ఈ మధ్య డల్‌గా ఉంది” అనుకుంటూ కూర్చున్నాను.

3. ఇన్‌స్టా ప్రొఫైలు

ఖాతాని ప్రొఫెషనల్‌గా మార్చి, బిజినెస్ ఎంచుకోండి. అప్పుడే ఇన్‌సైట్స్, అంటే మీ పోస్టులు ఎంతమంది, ఏ ఊళ్లవాళ్లు చూశారన్న లెక్కలు, కనిపిస్తాయి. వెతికినప్పుడు దొరకడానికి పేరు గడి పనికొస్తుంది. అక్కడ ఒట్టి కవితాత్మకమైన పేరు కాకుండా ఏం అమ్ముతారో, ఏ ఊరో కూడా ఉండాలి. ఒక మాట తెలుగులో, ఒక మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, మనవాళ్లు ఆవకాయని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. ఈ పేరు 14 రోజుల్లో రెండు సార్లకి మించి మార్చనివ్వదు కాబట్టి తొందరపడకండి.

బయోలో నాలుగు ముక్కలు: ఏం అమ్ముతారు, ఎక్కడి నుంచి, ఎక్కడెక్కడికి పంపుతారు, ఆర్డరుకి వాట్సాప్ లింకు. పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. తెరుచుకునేది ప్రొఫైల్లోదే.

4. ఒక రీలు తీద్దాం

ఆవకాయ పెట్టిన మూడో రోజు తీయండి. మొదటి రోజు ముక్కలు కలపడం అందరూ తీస్తారు. మూడో రోజుకి ఊట ఊరి, నూనె పైకి తేలి ఉంటుంది. ఆవకాయ తెలిసినవాళ్లకి నోరూరేది అప్పుడు.

తీసే ముందు ఫోను కెమెరా అద్దం తుడవండి. వంటింట్లో పనిచేసే చేతులతో పట్టుకునే ఫోను, దాని మీద నూనె మరక లేకుండా ఉండదు. వీడియో మసకగా వచ్చిందని కొత్త ఫోను కొన్నవాళ్లున్నారు. ట్యూబులైటు ఆర్పేసి, పొద్దున్న కిటికీ పక్కన జాడీ పెట్టండి. ఫోను నిలువుగా పట్టుకోండి.

- మొదటి 3 సెకన్లు: జాడీకి కట్టిన వాసెన విప్పడం, మూత తీయడం. తేలిన నూనె కనపడాలి. “హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్” అక్కర్లేదు, ఆ మాట పూర్తయ్యేలోపే జనం వెళ్లిపోతారు.
- తర్వాత 6 సెకన్లు: పొడి తెడ్డుతో అడుగు నుంచి తిరగకలపడం. దగ్గరగా తీయండి. ఆ చప్పుడు అలాగే ఉంచేయండి, పాటకంటే బాగుంటుంది.
- ఇంకో 6 సెకన్లు: వేడన్నం, ముద్దపప్పు, పక్కన టెంకతో ఉన్న ఒక్క ముక్క, పైన నెయ్యి.
- చివరి 5 సెకన్లు: చేత్తో పట్టుకున్న సీసా. లేబులు మీద బరువు, తయారుచేసిన తేదీ చదవగలిగేలా ఉండాలి. తెర మీద ధర, పంపే రోజు, “ఆర్డరుకి ప్రొఫైల్లో వాట్సాప్ లింకు”.

అక్షరాలు తెర మధ్యకి కాస్త పైన రాయండి. కిందా, కుడి పక్కా ఇన్‌స్టా బటన్లు కూర్చుంటాయి.

కెమెరా ముందుకి రావడం ఇష్టం లేనివాళ్లు బెంగపడకండి. పైన చెప్పిన రీల్లో మొహం ఎక్కడా లేదు. చేతులు చాలు.

ఇక తప్పులు. సినిమా పాట పెట్టకండి. బిజినెస్ ఖాతాలకి ఆ పాటల లైబ్రరీ పూర్తిగా అందదు, వేరే దారిలో తెచ్చి పెడితే శబ్దం తీసేయవచ్చు. ఫిల్టర్లు వద్దు. గుంటూరు కారం రంగు ఉన్నదానికంటే ఎర్రగా కనిపిస్తే “రంగు కలిపారు” అంటారు. వేలికి ఉంగరం, జాడీ పక్కన తడి గరిటె, ప్లాస్టిక్ తొట్టి, విరబోసుకున్న జుట్టు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కామెంట్లలో మీ పచ్చడి గురించి ఎవరూ మాట్లాడరు. నా వీడియో ఒకదాని కింద అరవై కామెంట్లొస్తే నలభై పైగా ప్లాస్టిక్ బేసిన్ గురించే. కోపమొచ్చింది. మర్నాడు స్టీలుది కొన్నాను.

ఏ పచ్చడీ షుగరు తగ్గిస్తుందని, మోకాళ్ల నొప్పులు పోతాయని చెప్పకండి. తినే వస్తువుల ప్రకటనల మీద 2018 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి విడిగా నిబంధనలున్నాయి. “ప్రిజర్వేటివ్‌లు లేవు” అన్నది కూడా నిజంగా లేకపోతేనే రాయాలి.

సరిచూసుకోండి: శబ్దం ఆపేసి, మీ వ్యాపారం గురించి తెలియనివాళ్లకి చూపించండి. ఏమిటి, ఎంత, ఎక్కడ కొనాలి అని మూడు ప్రశ్నలడగండి. ఒక్కదానికైనా తడబడితే రీలు పెట్టకండి, అక్షరాలు మార్చండి.

వారానికి ఎన్ని? రెండు. రోజుకొకటి పెట్టి నెలకి అలిసిపోయేవాళ్లనే ఎక్కువ చూశాను. మిగతా రోజులు స్టోరీలు సరిపోతాయి: ఈ రోజు ప్యాకింగు, కారం పట్టించడం, మార్కెట్లో గోంగూర కట్టలు.

5. ధర రాయండి

దీనికి విడిగా ఒక అంకె వేశాను, అంత ముఖ్యం. “ప్రైస్ ఇన్‌బాక్స్ చేశాం”, “ధరకి డీఎం చేయండి” అనే అలవాటు చీరల పేజీల నుంచి అందరికీ అంటుకుంది. కింద జనం “పీపీ” “పీపీ” (ప్రైస్ ప్లీజ్) అని కామెంట్లు పెడుతుంటే పేజీకి గిరాకీ ఉన్నట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ అడగడానికి మొహమాటపడే మనిషి అడగకుండానే పోతాడు. ధర దాచారంటే ఎక్కువే అనుకుంటాడు.

“పక్క పేజీవాళ్లు మన ధర చూసి తగ్గిస్తారు” అంటారా? వాళ్లు ఎలాగూ వేరే నంబరుతో మిమ్మల్ని అడిగి తెలుసుకునే ఉంటారు.

కొరియర్ ఖర్చు విడిగా ఉంటే అదీ అక్కడే రాయండి. చివర్లో చెబితే మోసపోయినట్టు అనిపిస్తుంది. బ్లౌజు కుట్టడం, కేకులు లాంటి వాటికి ఒకే ధర ఉండదు కదా. అప్పుడు “మొదలు 800 నుంచి” అని రాసి, ఫోటోలో ఉన్న ఆ ఒక్కదాని ధర ఖచ్చితంగా చెప్పండి.

6. చాట్‌లో జవాబు

“ఆవకాయ ఉందా?” అని మెసేజీ వచ్చింది. చాలామంది ఇచ్చే జవాబు “ఎస్ మేడమ్ అవైలబుల్”. అక్కడితో సంభాషణ చచ్చిపోతుంది. ఇలా రాసి చూడండి:

“నమస్తే అండీ, ఉందండి. ఈ ఏడాది మే నెలలో పెట్టింది. అరకిలో 320, కిలో 620. వెల్లుల్లి వేసింది, వెయ్యనిది రెండూ ఉన్నాయి. మీరు ఏ ఊళ్లో ఉంటారండీ? కొరియర్ ఎంతవుతుందో చెబుతాను.”

చివర ప్రశ్న ఉండాలి. ఊరి పేరు చెప్పినవాళ్లు సగం కొన్నట్టే. అవతలివాళ్లు ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషులో, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మీరూ అలాగే రాయండి. వాయిస్ మెసేజీలు పాతవాళ్లకి సరే, కొత్తవాళ్లకి మొదటే పంపకండి. ఆఫీసులో కూర్చుని వినలేరు.

“ధర ఎక్కువ కదండీ” అన్న మాట రోజూ వస్తుంది. ఒళ్లు మండుతుంది, నాకు తెలుసు. ఎండలో కూర్చుని కాయ తరిగినవాళ్లకే తెలుస్తుంది ఆ మంట. 2025లో ఇలా ధర గురించి అడిగిన ఒకరికి ఒక పచ్చళ్ల వ్యాపారం నుంచి తిడుతూ వెళ్లిన వాయిస్ మెసేజీ రాష్ట్రమంతా తిరిగింది, ఆ వ్యాపారం ఎంత ఇబ్బందుల్లో పడిందో మీరూ చూసే ఉంటారు. వాట్సాప్‌లో మీరు పంపేది ఏదీ ఇద్దరి మధ్య ఉండిపోదు. నేను రాసేది ఇది: “అవునండీ, బజారు కంటే ఎక్కువే. గానుగ నువ్వుల నూనె వాడతాం, అందుకని. ముందు పావుకిలో తెప్పించుకుని రుచి చూడండి.” కొందరు తెప్పించుకుంటారు. కొందరు మాయమవుతారు. మాయమైనవాళ్ల వెంట పడకండి.

ఫిర్యాదు వస్తే ఆలస్యం చేయొద్దు. ఒక జూన్‌లో బెంగళూరు పంపిన సీసా మూత వదులై, నూనె కారి, డబ్బా అంతా తడిసింది. ఆవిడ ఫోటో తీసి వాళ్ల అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేసింది. నాకు ఎవరో చెబితే తెలిసింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, క్షమించమని, డబ్బు వెనక్కి వేసి, ఇంకో సీసా పంపాను. గ్రూపులో ఆ ఫోటో మాత్రం ఆవిడ తీయలేదు. కింద “వెంటనే మళ్లీ పంపించారు” అని ఒక్క ముక్క రాసింది. ఆ ఒక్క ముక్కతో అదే అపార్ట్‌మెంటులో ఇంకో ముగ్గురు నాకు కస్టమర్లయ్యారు. అప్పటినుంచి మూత కింద సీలు, దాని పైన టేపు, ఆ పైన జిప్ కవరు. పార్సిలు కట్టాక ఒకసారి తలకిందులుగా పెట్టి గంట ఆగి చూస్తాను.

7. డబ్బు వచ్చిందో లేదో మీ ఖాతాలో చూడండి

స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. మీ బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే ప్యాకింగు.

ఇంకోటి, చాలామంది పడే ఉచ్చు. “మేం ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, ఇరవై కిలోలు కావాలి” అని ఫోను. బేరం కూడా ఆడరు. తర్వాత ఒక క్యూఆర్ పంపి, “దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది” అంటారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే. తీసుకోవడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి.

“మీ పేజీ కాపీరైటు ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం, ఈ లింకు నొక్కండి” అని ఇన్‌స్టా పేరుతో మెసేజీలొస్తాయి. నొక్కితే పాస్‌వర్డు పోతుంది. డిలీట్ చేయండి.

8. కొన్నవాళ్లని మళ్లీ పలకరించండి

కొత్తవాళ్ల కోసం పడే కష్టంలో పావు వంతు పాతవాళ్ల మీద పెట్టినా చాలు. ఒకే మెసేజీని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చుకోవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజీ అందుతుంది. మీ స్టేటస్ కనిపించాలన్నా అంతే. అందుకే ప్రతి పార్సిల్లో ఒక చీటీ పెడతాను: “ఈ నంబరు సేవ్ చేసుకోండి. కొత్త జాడీ తీసిన రోజు స్టేటస్‌లో పెడతాం.”

అడక్కుండా గ్రూపుల్లో చేర్చడం, ఎక్కడో దొరికిన నంబర్లన్నిటికీ మెసేజీలు పంపడం చేయకండి. పదిమంది రిపోర్టు కొడితే వాట్సాప్ మీ నంబరుని ఆపేయగలదు. నెలకి రెండు మెసేజీలు మర్యాద.

కస్టమర్ల మెచ్చుకోలు స్క్రీన్‌షాట్లు స్టోరీల్లో పెట్టుకోవచ్చు, వాళ్లనడిగి. నంబరు, ఇంటి అడ్రసు కనపడకుండా చెరిపి.

9. నెలల లెక్క వేసుకోండి

ఎప్పుడు ఏం పెట్టాలో పంచాంగమే చెబుతుంది. సంక్రాంతికి అరిసెలు, సకినాలు, చేగోడీలకి ఆర్డర్లు డిసెంబరు చివర నుంచే తీసుకోవాలి. పండక్కి నాలుగు రోజుల ముందు పోస్టు పెడితే చేసేదెప్పుడు, పంపేదెప్పుడు? మామిడికాయ ఏప్రిల్, మే. కానీ “ఎన్ని కిలోలు రాసుకోమంటారు?” అని మార్చిలోనే అడగడం మొదలుపెట్టండి. కార్తీకంలో ఉసిరికాయ బాగా పోతుంది. ఉల్లి వెల్లుల్లి మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి ఆ నెల వెల్లుల్లి లేనివి ముందుకి తేవాలి. చికెన్ పచ్చడి రీలు ఆ నెల పెట్టి తిట్లు తినకండి.

చాలామంది వదిలేసే నెల జులై. అమెరికాలో చదువులకి పిల్లలు బయల్దేరేది జులై చివర, ఆగస్టులో. పెట్టెలు సర్దే అమ్మలు అప్పుడు పొడులు, పచ్చళ్లు గాలి తీసిన ప్యాకెట్లలో ఎవరమ్ముతారా అని వెతుకుతారు. పావుకిలో ప్యాకెట్లు, తూకం స్పష్టంగా రాసి, నూనె తక్కువ వేసినవి. నా ఏడాదిలో ఆవకాయ తర్వాత పెద్ద అమ్మకం అదే.

10. ప్రకటనలకి డబ్బు పెట్టాలా?

మొదటి మూడు నెలలు వద్దు. ఊరికే పెట్టిన రీళ్లలో ఏది వాట్సాప్‌కి మనుషుల్ని తెచ్చిందో తేలాక, ఆ ఒక్కదానికే పెట్టండి. డబ్బు కట్టి రీలుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటను నొక్కినప్పుడు లక్ష్యంగా లైకులు కాకుండా మెసేజీలు ఎంచుకోండి. దేశమంతా వద్దు, మీరు ఎక్కువగా పంపే రెండు ఊళ్లు చాలు. మూడు రోజులు నడిపి ఆపండి. పెట్టిన డబ్బు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది, అదీ కలిపే లెక్క వేయండి.

లెక్క ఇలా. అన్నీ కలిపి 900 ఖర్చయింది, ముప్ఫై మంది అడిగారు, ఆరుగురు కొన్నారు అనుకుందాం. ఒక్కో ఆర్డరుకి 150 పడింది. ఆర్డరుకి మీకు మిగిలేది 110 అయితే నష్టమే. ఆ ఆరుగురిలో ముగ్గురు మళ్లీ కొంటేనే గట్టెక్కుతారు.

ఊళ్లో ఫుడ్ వ్లాగర్లతో చేయించాలనుకుంటే, ఫాలోవర్ల సంఖ్య కాకుండా గత నెల ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ అడగండి. చూసేవాళ్లు ఏ ఊళ్ల నుంచో అందులో ఉంటుంది. ఇవ్వను అన్నవాళ్లకి నమస్కారం పెట్టేయండి. డబ్బో, ఉచిత సరుకో తీసుకుని చేసిన వీడియో అయితే అది ప్రకటన అని వాళ్లు పైకి చెప్పాలి. ఫాలోవర్లని డబ్బిచ్చి కొనడం గురించి అడగొద్దు, జవాబు కూడా రాయను.

పనిచేస్తోందో లేదో ఆదివారం చూసుకోండి

కొత్తగా మెసేజీ పెట్టిన ప్రతివాళ్లనీ “మా గురించి ఎక్కడ చూశారండీ?” అని అడిగి నోటుబుక్కులో రాయండి. ఆదివారం సాయంత్రం మూడు గీతలు గీసి మూడు అంకెలు వేయండి: ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, కొన్నవాళ్లలో పాతవాళ్లెందరు. లైకులకి గడి లేదు.

రీళ్లు బాగా తిరుగుతున్నా అడిగేవాళ్లు లేకపోతే ధర, లింకు, ఊరి పేరు వీటిలో ఏదో లోపించింది. 3, 4, 5 మళ్లీ చూడండి. అడుగుతున్నారు కానీ కొనడం లేదంటే చాట్‌లు పైకి జరిపి చదువుకోండి. ఎక్కడ ఆగిపోయారో ఆ జవాబు మార్చండి. నా విషయంలో ఎక్కువమంది కొరియర్ ధర దగ్గర ఆగిపోయేవాళ్లు, కిలో మీద కొరియర్ కలిపేసి ఒకే ధర చెప్పడం మొదలుపెట్టాక తగ్గింది.

అడుగుతున్నారు, కొంటున్నారు, కానీ మూడో గడిలో నాలుగు నెలలుగా సున్నాలే ఉంటే ఫోను పక్కన పెట్టండి. జాడీ మూత తీసి, ఒక ముక్క అన్నంలో కలుపుకుని ఉప్పు చూడండి.